మాట ముందా, రిఫ్ ముందా? తెలుగు రచయిత, బయటి గిటారిస్టు కలిసి రాక్ పాట కడితే

ఆరోతీగ

ప్రశ్న ఇది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న తెలుగు పాటరచయిత ఒకరు తిరుపతిలో ఉన్నారు. రాక్ గిటారు మీద పాటలు కట్టే ఇంకొకాయన ఏ మాంచెస్టర్‌లోనో ఉన్నాడు. ఇద్దరూ కలిసి పాట కట్టాలంటే మొదటి అడుగు ఎవరిది? పోయిన వారం ఈ చర్చావేదికలోనే ఒకరు "మాట, ట్యూన్ మన దగ్గర పుట్టాలి, గిటారు ఆ తర్వాత చేరాలి" అని రాశారు. నేను ఒప్పుకోను. రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న గిటారు పలుకు, ముందు రావాలి.

రాగంలో కట్టేసిన ట్యూన్ చేతికిస్తే గిటారిస్టుకు మిగిలేది రంగులద్దే పనే. కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కోసం వెతుకుతాడు, ఆ వెతుకులాటలో రాగంలో లేని స్వరం వచ్చి కూర్చుంటుంది. రిఫ్‌తో మొదలుపెడితే దాన్ని ఏ రాగం మోయగలదో ముందే తేలిపోతుంది. రాక్‌కు పుట్టిల్లు లాంటి మైనర్ పెంటటానిక్ అనే అయిదు స్వరాల వరుస తీసుకోండి. అది మన శుద్ధ ధన్యాసి రాగమే: స గ2 మ1 ప ని2 (అంకె ఆ స్వరంలో ఏ రకమో చెబుతుంది). పాశ్చాత్య పేర్లలో, డిని షడ్జమం (స) చేసుకుంటే డి, ఎఫ్, జి, ఎ, సి. పవర్ కార్డ్ అంటే ఒక స్వరమూ దాని పంచమమూ. డి, ఎఫ్, జి, సి నాలుగింటి మీద వేసుకోవచ్చు, రాగం గడప దాటదు. ఎ మీద వేస్తే మాత్రం దాని పంచమంగా 'ఇ' స్వరం మోగుతుంది. అది చతుశ్రుతి రిషభం (రి2), శుద్ధ ధన్యాసిలో రిషభమే లేదు. పంచమం దగ్గర రెండు తీగలు కాకుండా ఒక్క తీగే మీటితే చాలు, చిక్కు తీరుతుంది. ఇలాంటివి రిఫ్ కట్టేటప్పుడే సరిచూసుకోవాలి. ట్యూన్ అంతా అయ్యాక సరిచేయబోతే పాటే మారిపోతుంది.

పదహారణాలు

అన్నా, రిఫ్ ముందొస్తే దాని కింద మాట నలుగుతుంది. ఇంగ్లీషు మాటకు బలం ఊనికలో ఉంటుంది, ఏ అక్షరాన్ని సాగదీసినా మాట మారదు. తెలుగు మాటకు బలం నిడివిలో ఉంటుంది. 'పడు'ని సాగదీస్తే 'పాడు' అయిపోతుంది. రిఫ్‌లో పొడుగు స్వరం ఎక్కడుందో అక్కడ గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, పడాలి, లేకపోతే అర్థమే మారుతుంది.

ఈ రెండు పాదాలు చూడండి, ఇక్కడ చూపించడానికే కట్టాను:

కొండ దిగిన జడి
గుండె తడుపు సడి

ఒక్కో పాదానికి ఎనిమిది మాత్రలు. నాలుగు దెబ్బల బార్‌ను (రాక్ తాళంలో ఒక చుట్టును) ఎనిమిది అరలుగా విడదీస్తే 'కొం' ఒకటి, రెండు అరల్ని ఆక్రమిస్తుంది. 'డ' మూడో అరలో, 'ది' నాలుగులో, 'గి' అయిదులో, 'న' ఆరులో, 'జ' ఏడులో, 'డి' ఎనిమిదిలో పడతాయి. రాక్‌లో స్నేర్ అనే డ్రమ్ రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద మోగుతుంది. అంటే మూడో అర, ఏడో అర. మూడో అరలో ఉన్నది ప్రాసాక్షరం, ఏడో అరలో ఉన్నది కొత్త మాట మొదటి అక్షరం. రెండో పాదంలోనూ అంతే, 'డె' మీదా 'స' మీదా స్నేర్ పడుతుంది. గురువుతో మొదలైన పాదానికి రెండో అక్షర ప్రాస, రాక్ బ్యాక్‌బీట్ (ఆ స్నేర్ దెబ్బలు) మీద తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. దీన్ని వదులుకోవడం ఎందుకు?

రిఫ్ ముందొస్తే ఇది చెడేది ఎక్కడంటే, ఇంగ్లీషు పాటల్లో చాలా పాదాలు 'ది', 'ఎ', 'ఐ' లాంటి బలంలేని చిన్న మాటతో మొదలవుతాయి. అందుకే వాళ్ల ట్యూన్ బార్‌కు ఒక అర ముందే ఎత్తుకుంటుంది. తెలుగులో ఆ చిన్న మాటలు లేవు. అదే ట్యూన్‌లో నా పాదం పెడితే 'కొం' పాత బార్ చివరి అరలో మొదలై, స్నేర్ 'ది' మీద, చివరి 'డి' మీద పడుతుంది. 'దిగిన' ఒక్కటే మొత్తుకుంటున్నట్టు వినిపిస్తుంది, ప్రాస మాయమవుతుంది. వాళ్లకు ప్రాస పాదం చివర, మనకు మొదట. ఈ తేడా తెలియని గిటారిస్టుకు ముందు మాట ఇవ్వాలి, తర్వాతే రిఫ్ అడగాలి.

మిశ్రచాపు

మన తాళంలో ఎత్తుగడ, అంటే పాట ఏ లెక్క మీద మొదలవుతుందో, ఆ సంగతి ఇద్దరూ వదిలేశారు. జోడీలు ఎక్కువగా పేచీ పడేది స్వరం దగ్గర కాదు, ఒకటో దెబ్బ ఏదన్న దగ్గర.

ఎనిమిది అక్షరాల (అంటే తాళం లెక్కల) ఆదితాళంలో చప్పట్లు ఒకటి, అయిదు, ఏడు అక్షరాల మీద వస్తాయి. రాక్ డ్రమ్మర్ అక్షరానికో దెబ్బ లెక్కన వాయిస్తే స్నేర్ రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మీద పడుతుంది. ఒక్క చప్పట్లతోనూ కలవదు. తప్పేమీ లేదు, చేయి వేసే చోటు, కర్ర పడే చోటు వేరుగా ఉంటేనే నడకకు ఊపు. కానీ పాడేవారు చాలా కీర్తనల్లోలాగా సమం (తాళం మొదటి దెబ్బ) దాటి అర అక్షరం తర్వాత ఎత్తుకున్నారనుకోండి. తాళం వినిపించని ఫైల్ పంపితే అవతలాయన ఆ ఎత్తుగడనే ఒకటో దెబ్బ అనుకుంటాడు. పాటంతా అర అక్షరం జరిగిపోతుంది. పల్లవి తిరిగొచ్చే చోట మాత్రం అతుకు బయటపడుతుంది, అప్పటికి డ్రమ్స్ మొత్తం రికార్డయి ఉంటాయి.

అందుకని ఏది ముందన్నది తర్వాత. పంపే మొదటి ఫైల్‌లో రెండు ఆవర్తనాల క్లిక్ (తాళం రెండు చుట్లు కొట్టే టక్‌టక్ శబ్దం), సమం మీద వేరే శబ్దం, ఆ తర్వాతే గొంతు. ఏడు అక్షరాల మిశ్రచాపు తాళంలో అయితే మూడు, నాలుగుగా చెప్పాలి. ఏడు అని ఊరుకుంటే వాళ్లు అలవాటుగా నాలుగు, మూడుగా కొట్టే అవకాశం ఎక్కువ. మాట విరిగే చోటు అక్కడికక్కడే తిరగబడుతుంది.

బెల్లంమండి, చిత్తూరు

శ్రుతి సంగతి ఎవురూ ఎత్తలేదే. మాట ముందన్నా, రిఫ్ ముందన్నా గొంతు యాడ నిలబడతాదో అది గదా ముందు.

మగగొంతులు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతి, అంటే సి నుంచి డి లోపల. ఆడగొంతులు అయిదు, ఆరు మధ్యన, జి నుంచి ఎ దాకా. గిటారు మామూలు శ్రుతిలో అడుగు తీగ 'ఇ' స్వరం. రెండు శ్రుతికి పాడేవాళ్లుంటే ఆ అడుగు (ఆరో) తీగ ఒక్కటి రెండు అరస్వరాలు దించితే చాలు. అడుగు మూడు తీగలు డి, ఎ, డి అయితాయి. అది నేరుగా స ప స. తంబూర పెట్టుకున్నట్టే ఉంటాది, ఒక్క వేలు అడ్డంగా పెడితే పవర్ కార్డ్ వచ్చేస్తాది.

ఒకటిన్నరకు (సి షార్ప్) దించాలంటే అన్ని తీగలూ మూడు అరస్వరాలు దించాల. ఆడనే చెడేది. పది-నలభైఆరు మందం తీగల సెట్టు అట్లే పెట్టి దించితే తీగ వదులైపోయి ఫ్రెట్లకు (మెడ మీది లోహపు గీతలకు) కొట్టుకుంటాది. గట్టిగా మీటినప్పుడల్లా స్వరం ఒక్క క్షణం పైకి పోయి దిగతాది. కింద తంబూర మోగతా ఉంటే ఆ తేడా బాగా వినిపిస్తాది. పదకొండు-యాభైనాలుగు మందం సెట్టు వేసి, మెడలోని రాడ్డూ, బ్రిడ్జి దగ్గర తీగ నిడివీ మళ్లీ సరిచేసుకోవాల. అయిదున్నర గొంతుకు నాలుగో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ ఒకేసారి అదిమే బిగింపు) పెట్టి 'ఇ' కార్డ్ ఆకారాలు వాయిస్తే సరిపోతాది, దించే పని లేదు.

పదహారణాలు

ఆరోతీగ అన్నా, శుద్ధ ధన్యాసి నీకు అనుకూలమైన రాగం, అదే చూపించావు. హిందోళం సంగతి చెప్పు.

ఆరోతీగ

న్యాయమైన ప్రశ్న. హిందోళం దగ్గర నా వాదన బలహీనపడుతుంది, ఎందుకో చెబుతాను.

స గ2 మ1 ద1 ని2. పంచమం లేదు. డి షడ్జమమైతే డి, ఎఫ్, జి, బి ఫ్లాట్, సి. ఎఫ్, జి, బి ఫ్లాట్, సి నాలుగింటి మీదా పవర్ కార్డ్ కుదురుతుంది. కుదరనిది ఒక్క డి మీదే, అంటే ఇంటి మీదే, ఎందుకంటే అక్కడ ఎ కావాలి. గిటారిస్టు చెయ్యి సహజంగా జి మీదికి వెళ్లిపోతుంది. జి నుంచి లెక్కపెడితే ఇవే అయిదు స్వరాలు శుద్ధ ధన్యాసి అవుతాయి. నాలుగు బార్లు గడిచేసరికి వినేవాళ్ల చెవి జిని షడ్జమంగా పట్టుకుంటుంది. పాడేవారు హిందోళమే పాడుతున్నా అది హిందోళంగా వినిపించదు. సరి చేయడానికి గిటారు షడ్జమం దగ్గర రెండు డిలు, పైదీ కిందదీ, అష్టకంగా మాత్రమే వాయించాలి. డి, జి కలిపి వేయకూడదు, ఆ జంటలో చెవికి జి మూలంగా తోస్తుంది. బేస్ గిటారు మొదటి ఆవర్తనం అంతా డి వదలకూడదు. ఇలాంటి రాగంలో ట్యూన్ ముందు కట్టుకుని, గిటారును దాని హద్దుల్లోనే ఉంచడం మేలు. ఇంతవరకు ఒప్పుకుంటాను.

ఇంకొకటి. డిస్టార్షన్ (గిటారు శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) పెట్టి అంతర గాంధారం (గ3) ఉన్న పూర్తి కార్డ్ వాయిస్తే, కింద తంబూర ఉంటే, గరగర మొదలవుతుంది. తంబూర డి 146.83 హెర్ట్జ్ అయితే దాని అయిదో పాక్షికం (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పైస్వరం) 734.2 దగ్గర సహజ గాంధారంగా మోగుతుంది. గిటారు ఫ్రెట్ మీది అదే గాంధారం 740. రెండూ సెకనుకు ఆరుసార్లు కొట్టుకుంటాయి. శుభ్రమైన శబ్దంలో ఓర్చుకోవచ్చు, డిస్టార్షన్‌లో అది బురద. తంబూర ఆపండి, లేదా కార్డ్‌లో గాంధారం వదిలి గొంతుకు ఇవ్వండి.

అలిపిరిమెట్లు

ఏది ముందన్న వాదనకు పాత జోడీ ఒకటి జవాబు చెప్పింది. ఇంగ్లాండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్. మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందంతో మొదలుపెట్టినప్పుడు అంతా విద్యుత్ హోరు, బేసి తాళాలు. ఆ తర్వాత అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1975కల్లా జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరాం ఘటంతో శక్తి బృందం నిలబడింది. తొలి మూడు ఆల్బమ్‌లలో చాలా రచనల మీద మెక్‌లాఫ్లిన్, శంకర్ ఇద్దరి పేర్లూ ఉంటాయి.

గమనించాల్సింది గిటారుకు ఏం జరిగిందన్నది. గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీలో పనిచేసే ఏబ్రహాం వెక్టర్ అతని కోసం ఫ్రెట్ల మధ్య కర్రను గుంటలుగా చెక్కి, అడ్డంగా అనునాద తీగలు బిగించి ఒక గిటారు చేశాడు. గుంట ఉంటే వేలికి కర్ర తగలదు, తీగ లాగడం తేలికవుతుంది. బెండ్, అంటే తీగ లాగడం, స్వరాన్ని పైకి మాత్రమే తీసుకెళ్తుంది. పైనుంచి దిగే గమకానికి కింది ఫ్రెట్ మీద వేలుంచి, తీగను ముందే లాగి పట్టుకుని, మీటి వదలాలి. మామూలు ఫ్రెట్‌బోర్డు మీద ఆ పట్టు జారుతుంది.

మన పాలకొల్లు యు. శ్రీనివాస్ కూడా ఇదే దారి పట్టారు. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. జంట తీగలు లాగితే రెండూ ఒకే ఎత్తుకు పోవు, గమకం చీలుతుంది. ఆయన అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ పట్టారు. తర్వాత అదే వాద్యంతో మెక్‌లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తిలో కూర్చున్నారు. వాద్యం మారింది, అందుకే ఎవరు ముందన్న పేచీ రాలేదు.

మిశ్రచాపు

శక్తిని రాక్ అనలేం అన్నా. డ్రమ్ సెట్ లేదు, పాదానికి కట్టుబడిన మాట లేదు. పదహారణాలు అక్క చెప్పిన నిడివి చిక్కు వాద్య సంగీతంలో రాదు. వాద్యం మార్చుకోవాలన్న మాట మాత్రం నిజం.

స్టాంపుకాగితం

ఏది ముందన్నది హక్కుల దగ్గర కూడా తేడా తెస్తుంది. ఇది పాట కట్టక ముందే రాసుకోవాలి.

భారత కాపీరైట్ చట్టంలో పాట ఒకే రచన కాదు. సాహిత్యం ఒకటి, సంగీతం ఒకటి. సంగీత రచన నిర్వచనంలో మాటలు చేరవు. ఎవరి వాటా ఏదో విడదీయలేనప్పుడే ఉమ్మడి రచన అవుతుంది. కాబట్టి మాట తిరుపతిది, రిఫ్ మాంచెస్టర్‌ది అయితే చట్టం లెక్కలో రెండు వేర్వేరు ఆస్తులు. కానీ ట్యూన్ ఎవరిది? పల్లవి స్వరం రచయిత కూనిరాగం నుంచి వచ్చి ఉంటే ఆయనకు సంగీతంలోనూ వాటా ఉంది. చాలామంది ఇదే రాసుకోరు. ప్రతి పాటకూ ఒక కాగితం మీద సాహిత్యం ఎంత శాతం, సంగీతం ఎంత శాతం, తేదీ, సంతకాలు ఉండాలి. పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘాల్లో, ఇక్కడ ఐపీఆర్‌ఎస్‌లో, బ్రిటన్‌లో పీఆర్‌ఎస్‌లో, ఒకే శాతాలు నమోదు చేయాలి. రెండు చోట్లా కలిపి నూరు దాటితే తేలేదాకా డబ్బు ఆగిపోతుంది.

తిరుపతివాళ్లు ముఖ్యంగా చూడాల్సింది అన్నమయ్య. సాహిత్యం ఎవరి అనుమతీ అక్కర్లేనిది, ఆయన కాలం 1408-1503. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే ఈరోజు మనకు తెలిసిన ట్యూన్లలో చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు, పోయాక 60 ఏళ్ల లెక్కన ఆయన స్వరరచనలకు 2039 చివరిదాకా రక్షణ. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చిలో పోయారు, ఆయనవాటికి 2085 చివరిదాకా. "అన్నమయ్యది గదా" అని ఆ ట్యూన్ మీద గిటారు వేస్తే తప్పు. సాహిత్యం తీసుకోండి, రేకు మీద ఉన్న రాగం తీసుకోండి, ట్యూన్ మీరే కట్టండి.

పదహారణాలు

ఇది నా వాదనకే బలం. మాట ఇప్పటికే ఉంది, రాగం చెప్పి ఉంది, ట్యూన్ లేదు. అన్నమయ్య పదానికి ప్రాస ఉంది, నడక ఉంది. అక్కడ రిఫ్ ముందు పెట్టడం కుదరనే కుదరదు.

ఆరోతీగ

పాత పదానికి ఒప్పుకుంటా అక్కా. కొత్త పాటకు ఒప్పుకోను. కొత్తగా రాసేవారు రిఫ్ పొడుగు స్వరాలు చూసి గురువు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టుకోవచ్చు. మన సినిమా పాటల రచయితలు ట్యూన్‌కు రాసేది అట్లనే గదా. గిటారిస్టుకు ఒక్క షరతు పెడితే చాలు: రిఫ్ బార్ మొదట్లోనే ఎత్తుకోవాలి, అర ముందు కాదు.

మిశ్రచాపు

ఆ షరతు నోటితో చెబితే అందదు, ఫైల్‌లో ఉండాలి. నెట్‌లో ఎదురెదురుగా వాయించి చూపిద్దామంటే కుదరదు. తిరుపతి నుంచి మాంచెస్టర్‌కు ఎనిమిది వేల కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఒకవైపుకే 40 మిల్లీసెకన్లు, దారి వంకర్లూ రూటర్లూ కాక. ముప్ఫై దాటితేనే ఇద్దరు కలిసి వాయించేటప్పుడు ఒకరికోసం ఒకరు ఆగడం మొదలై నడక జారుతుంది.

అందుకని రెండువైపులా ఒకే వేగం, దశాంశంతో సహా. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో. ప్రతి ట్రాకూ మొదటి బార్ సున్నా నుంచే మొదలుపెట్టి ఎగుమతి చేయాలి, గొంతు ముప్ఫయ్యో బార్‌లో వచ్చినా సరే. పాదాన్ని పాడకుండా, క్లిక్ మీద మాత్రల ప్రకారం చదివిన ట్రాక్ ఒకటి వేరే పంపండి. గురువు ఎక్కడుందో తెలుగు రాని గిటారిస్టుకు అందులో వినబడుతుంది. ఆ ట్రాక్ వినకుండా ఒక్క డ్రమ్ దెబ్బ కూడా రికార్డు చేయొద్దని రాయండి.