అప్‌డేట్: కీక్లోక్ రెండు నోడ్లు క్లస్టర్‌లో కలిశాయి

నెల్లూరు, కావలి రొయ్యల కొనుగోలు కేంద్రాల యాప్‌లో లాగిన్లు చూసే సాఫ్ట్‌వేర్ కీక్లోక్‌కి రెండో నోడ్ (సర్వర్) పెట్టాక కొన్ని లాగిన్లు ఓటీపీ దగ్గర తెగుతున్నాయని అడిగాను కదా, తేలింది. యూజర్ సెషన్లు కీక్లోక్ 26 వెర్షన్ నుంచి డేటాబేస్‌లోనే ఉంటాయి; పాస్‌వర్డ్‌కీ ఓటీపీకీ మధ్య దశ మాత్రం మెమరీ క్యాష్‌లో ఉంటుంది. నోడ్లు కలవకపోతే ఆ దశ రెండో నోడ్‌కి తెలీదు.

పాత కాన్ఫిగ్‌లో క్యాష్ స్టాక్ (నోడ్లు ఒకదాన్నొకటి కనుక్కుని కలిసే పద్ధతి) యూడీపీ అని ఉంది. అది మల్టీకాస్ట్‌తో, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపే సందేశాలతో నడుస్తుంది. క్లౌడ్‌లో మల్టీకాస్ట్ మామూలుగా నడవదు. ఆ లైన్ తీసేస్తే చాలు, 26.1 నుంచి డిఫాల్ట్ జేడీబీసీ-పింగే, అంటే నోడ్లు డేటాబేస్ ద్వారా ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. నోడ్ల మధ్య 7800 పోర్టుతో పాటు 57800 కూడా తెరవాలి. పడిపోయిన నోడ్‌ని వెంటనే పసిగట్టేది అదే. చాలామంది వదిలేసేదీ అదే. రిక్వెస్టులను నోడ్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్ 9000 పోర్టుకి మార్చాం.

మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఇంకా క్లౌడ్‌లో ఒకే జోన్‌లో ఉంది. రెండో జోన్‌లో స్టాండ్‌బై పెట్టాలి.