సమస్య: పండ్లు లేని చేప పట్టి కొరికె

నిర్వాహకుడు: ఆటవెలదిలో పూరించండి. చేప మాత్రం కల్పితం కాకూడదు, 36 కోట్ల ఏళ్ల కిందటి కవచపు చేపలు ఉండనే ఉన్నాయి కదా!

శిలాజప్రియ:
దవడ నెముక రేకు ధారయై పదునెక్క
కత్తెరట్లు మూయు గట్టి నోట
కవచధారి యగుచుఁ గడలిని పాలించి
పండ్లు లేని చేప పట్టి కొరికె

నిర్వాహకుడు: మొదటి పాదం చాలా బాగుందమ్మా. డంక్లియోస్టియస్ అనే కవచపు చేపకు నిజంగానే పళ్లు లేవు, దవడల్లోని ఎముక పలకలే నోరు మూసిన ప్రతిసారీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పదునెక్కేవి, అంటే సమస్యలోని చిక్కు అక్కడే విడిపోయింది. మూడో పాదమే కాస్త పల్చన, అది ఏ జంతువుకైనా సరిపోతుంది.

కడలికెరటం:
మెడనుఁ గీలు తిరుగ మీదికిఁ దల లేచి
నోరు తెరవ నీరు నురగతోడ
లోని కీడ్చ నచట లొంగిన మీనును
పండ్లు లేని చేప పట్టి కొరికె

శిలాజప్రియ: కీలు పట్టుకొచ్చారు చూడండి, అద్భుతం! తల కవచానికీ మొండెం కవచానికీ మధ్య ఆ కీలు ఉండబట్టే సెకనులో 50వ వంతులో నోరు తెరుచుకునేదని, ఆ ఊపుకి నీళ్లతో పాటు ఎర కూడా లోపలికొచ్చేదని అంచనా. కానీ నీళ్ల అడుగున నురగ ఎక్కడిదండీ, యతి కోసం తెచ్చినట్టుంది. "నోరు తెరవ నీరు నూకినట్లు" అంటే యతీ నిలుస్తుంది, వేగమూ కనిపిస్తుంది.

కడలికెరటం: మార్చేస్తున్నా, థాంక్స్ అండీ.

కొత్తకలం:
డంక్లియోస్టియస్సు డెవొనియన్ కడలిలో
ఎదురు వచ్చు చేప యెముక విరుగ
తలకుఁ గవచ మమరఁ దనువంత మృదులమై
పండ్లు లేని చేప పట్టి కొరికె

నిర్వాహకుడు: తమ్ముడూ, ఆ పేరు సరిగ్గా మూడు సూర్యగణాల్లో కూర్చుంది, భలే! అయితే డెవొనియన్ (ఆ చేపలు బతికిన యుగం) దగ్గర డ-డె యతి చెల్లదు, "డాబుగాఁ దిరుగాడి" అని చూడు. మూడో పాదంలో విషయమే తప్పింది, పలకలు తలతో ఆగలేదు, మొండెం ముందు భాగాన్నీ కప్పాయి. వెనక భాగంలో వెన్ను మృదులాస్థి కాబట్టి శిలాజంగా మిగల్లేదు, అందుకే పొడవు మీద ఇంత గొడవ: పాత లెక్కల్లో 8, 9 మీటర్లు అనేవాళ్లు, 2023లో వచ్చిన అధ్యయనం సుమారు 4 మీటర్లకు దించింది. "తలయు నురము పలక దాల్చిన బలముతో" అంటే సరిపోతుందేమో.

కొత్తకలం: సరిపోయింది అన్నా. ఆ పొడవు గొడవ మీదే ఇంకో పూరణ రాస్తాను, రేపటిదాకా గడువు ఉంచండి.