‘గజ్జల బిళ్ల కట్టింది’: ఈ మాట పుస్తకాల్లోకి రావాలి

నర్సంపేట దిక్కు పొలం పనులకు పోయేవాళ్ల నోట వినే మాట ఇది: “కాలుకు ముల్లిరిగింది, గజ్జల బిళ్ల కట్టింది.” పుండు పాదంలో, గట్టిగా చేతికి తగిలేది గజ్జల్లో. పాఠాల్లో దీన్ని ‘శోషరస కణుపు వాపు’ అంటారు. బిళ్ల కట్టడమే సరైన మాటని నా అభిప్రాయం.

ముల్లుతోపాటు లోపలికి పోయిన సూక్ష్మజీవుల తునకలను డెండ్రైటిక్ కణాలు (చర్మంలో కాపలా కాసే రక్షణ కణాలు) పట్టుకుంటాయి. అప్పుడు ఆ కణాల పైపొర మీద సీసీఆర్7 అనే గ్రాహకం పెరుగుతుంది; కణాలను దారి నడిపే కీమోకైన్ అనే రసాయనాలను పసిగట్టేది ఇదే. శోషరస నాళాలు (కణజాలంలోకి ఊరిన నీటిని తీసుకుపోయే సన్న గొట్టాలు), బిళ్ల విడుదల చేసే సీసీఎల్21 అనే కీమోకైన్‌ను ఆ గ్రాహకం పసిగడుతుంది. ఆ జాడ పట్టుకునే కణం పాదం నుంచి గజ్జల దాకా వస్తుంది. రక్తంలో తిరిగే కొత్త టి కణాలు (రోగాన్ని గుర్తుపట్టి పోరాడే తెల్ల రక్తకణాలు) బిళ్లలోకి దిగడానికీ ఇదే సీసీఆర్7 కావాలి. డెండ్రైటిక్ కణం చూపే తునకను గుర్తుపట్టిన టి కణాలు అక్కడే ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతాయి. బిళ్ల గట్టిపడేది అందుకే.

నీరు చేరినా వాపే అంటాం. ‘కట్టు’ అలా కాదు. మీగడ కట్టింది, చేతికి కాయ కట్టింది అంటాం కదా, ఒకచోట పోగై గట్టిపడటం ఆ క్రియలోనే ఉంది. ముల్లుకూ గజ్జలకూ సంబంధం ఉందని మనవాళ్లు కనిపెట్టి పెట్టుకున్న మాట!

ఇది చదివిన ఒక అక్క అడిగిన ప్రశ్న, నా జవాబు:

— అన్నా, గుండె రక్తనాళాల గురించి కూడా ‘వాపు’ అనే రాస్తున్నరు. అదీ ఇదీ ఒకటేనా?

— కాదక్కా. అక్కడ ముఖ్యమైన గ్రాహకం సీసీఆర్2. ధమని గోడలో కొలెస్ట్రాల్ చేరినచోట సీసీఎల్2 అనే కీమోకైన్ విడుదలవుతుంది. రక్తంలోని మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) సీసీఆర్2తో దాన్ని పసిగట్టి గోడలోకి దూరతాయి, మాక్రోఫేజ్‌లుగా (మింగేసే కణాలుగా) మారి కొవ్వు మింగి నురుగు కణాలవుతాయి. సీసీఆర్2 లేని ఎలుకల్లో ఈ పూడిక తగ్గిందని 1998లో తేలింది. ఇది ఏళ్ల తరబడి నొప్పి లేకుండా, పైకి కనపడకుండా సాగుతుంది. ‘వాపు’ అని రాస్తే చదివినవాళ్లకు ఉబ్బిన కాలే మనసులో మెదులుతుంది. ఇక్కడ ‘ఇన్‌ఫ్లమేషన్’ అనే రాసి, కింద రెండు వాక్యాల్లో వివరిస్తే మేలు.

— సరే అన్నా. మరి మెడకు, చంకల కట్టినా మా హుజూరాబాద్ల బిళ్ల అనే అంటం. మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కువాళ్లు ఏమంటరో రాయండి.