కౌంటర్ దగ్గర దగ్గు: సీసా తీసే ముందు ఏం అడగాలి?

గుణుపూర్_కౌంటర్

నమస్కారమండీ. మందుల షాపుల్లో పనిచేసేవాళ్లు, ముఖ్యంగా మన సరిహద్దు ఊళ్లవాళ్లు చెప్పాలి. చలి ముదిరేసరికి కౌంటర్ దగ్గర వినిపించేదల్లా దగ్గే. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సంతకి కొండ దిగి వచ్చే సవరలు, ఎవరొచ్చినా ఒకటే మాట: "దగ్గుకి సీసా ఇవ్వండి." చీటీ ఉండదు. కొందరైతే తమకి కాదు, ఇంట్లో ఉన్న ముసలాయనకో చంటిదానికో అడుగుతారు.

వెనక నలుగురు నిలబడి ఉండగా రెండు మూడు నిమిషాల్లో ఏం అడిగి తేల్చుకోవాలి? పొడిదగ్గుకి ఒకటి, కళ్లె దగ్గుకి ఒకటి అని చదువుకున్నాం గానీ, అరలో చాలా సీసాలు అన్నీ కలిపి చేసినవే. పిల్లల సంగతేంటి? ఆసుపత్రికి వెళ్లమంటే పక్క షాపులో అదే సీసా కొనుక్కుంటున్నారు. వాళ్లకి ఎలా చెప్పాలి?

కిమిడి_మాత్ర

ముందు "ఎవరికి?", తర్వాత "ఎన్నాళ్ల నుంచి?". ఈ రెండూ తేలకుండా అర వైపు తిరగొద్దు.

మూడు వారాల లోపు దగ్గు చాలావరకు పడిశంతో వచ్చిన వైరస్ దగ్గే. ముక్కు కారడం, గొంతు గరగర తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు ఉండిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే అయిదో రోజుకే "మీ మందు పని చెయ్యలేదు, యాంటీబయాటిక్ ఇవ్వండి" అని వస్తారు. కళ్లె పచ్చగా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం రాదు. మూడు నుంచి ఎనిమిది వారాలు నడిచినది ఎక్కువగా జలుబు వదిలిన తోక. ఎనిమిది వారాలు దాటితే అది దీర్ఘకాలపు దగ్గు, సీసాతో తేలే పని కాదు. అయితే మన దేశంలో వీటన్నిటి కన్నా ముందు గుర్తుంచుకోవలసిన గీత రెండు వారాలు. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కళ్లె పరీక్ష చేయించాలన్నది జాతీయ క్షయ కార్యక్రమం నియమం. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా, మనిషికి హెచ్ఐవీ ఉన్నా రెండు వారాలు ఆగనక్కర్లేదు.

మూడో ప్రశ్న: కళ్లె పడుతోందా, లేదా? పడితే అందులో నెత్తురు చారలున్నాయా? తర్వాత ఆయాసం, ఛాతీలో పోటు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, జ్వరం. మన రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో జ్వరం కూడా ఉంటే దగ్గు సంగతి పక్కన పెట్టి మలేరియా పరీక్షకి పంపండి. ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది.

చాలామంది మరిచిపోయేది నాలుగో ప్రశ్న: "ఇప్పుడు ఏ మాత్రలు వాడుతున్నారు?" బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ వాడేవాళ్లలో కొందరికి గొంతులో ఈకతో గెలికినట్టు పొడిదగ్గు పట్టుకుంటుంది. ఆడవాళ్లలో ఎక్కువ. మాత్ర మొదలెట్టిన వారానికే రావచ్చు, కొన్ని నెలలకీ రావచ్చు. ఏ సీసా తాగినా తగ్గదు. మాత్ర ఆపాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో పోతుంది, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. అలాగని మీరే మాత్ర ఆపించొద్దు, బీపీ ఎగిరిపోతుంది. రాసిన డాక్టరుకి చీటీ మీద "పొడిదగ్గు, రామిప్రిల్ వల్లనేమో" అని రాసి పంపండి. ఆయన టెల్మిసార్టాన్ లాంటిదానికి మారుస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనలాల్ మాత్రలూ, గ్లకోమాకి (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి) వేసే టిమలాల్ కంటిచుక్కలూ దగ్గు, పిల్లికూతలు తెప్పిస్తాయి. కంటిచుక్కల గురించి అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక సీసాలు. లేబుల్ ముందు వైపు వదిలేసి వెనక కూర్పు చదవండి. నిజంగా పొడిదగ్గు, రాత్రి నిద్ర పట్టనివ్వనిది అయితే డెక్స్‌ట్రోమెథార్ఫాన్. పెద్దవాళ్లకి ఒక మోతాదు 10 నుంచి 20 మి.గ్రా., నాలుగు గంటలకోసారి, రోజు మొత్తానికి 120 మి.గ్రా. దాటకూడదు. దిగులుకి ఎస్సిటలోప్రామ్ లాంటివి వాడేవాళ్లకి ఇవ్వొద్దు. మొండి టీబీకి లినెజోలిడ్ వాడుతున్నవాళ్లకి అసలే వద్దు, రెండూ కలిస్తే వణుకు, జ్వరం, అయోమయం వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. కళ్లె చిక్కగా ఉండి రానివాళ్లకి అంబ్రాక్సాల్ 30 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, లేదా బ్రోమ్‌హెక్సిన్ 8 మి.గ్రా. మూడుసార్లు. కడుపులో పుండు ఉన్నవాళ్లకి ఈ రెండూ జాగ్రత్త.

కళ్లె పడేవాళ్లకి దగ్గు ఆపే మందు ఇస్తే కళ్లె లోపలే నిలిచిపోతుంది. ఒకే సీసాలో దగ్గు ఆపేదీ కళ్లె కదిపేదీ రెండూ ఉన్నవి అందుకే అర్థం లేనివి. దీని మీద నాతో వాదించేవాళ్లు షాపుకి వచ్చే కంపెనీ కుర్రాళ్లే!

టెర్బుటలిన్ కలిపినవి ప్రతి దగ్గుకీ ఇచ్చేస్తుంటారు. అది పిల్లికూతలు ఉన్నవాళ్లకి. గుండె జబ్బు, థైరాయిడ్ ఉన్నవాళ్లకి గుండె దడ, చేతులు వణకడం వస్తాయి. ఫినైలెఫ్రిన్ ఉంటే బీపీ వాళ్లకి వద్దు. క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే ప్రోస్టేట్ ఇబ్బందితో మూత్రం సరిగా రాని ముసలివాళ్లకి ఒక్కసారిగా బిగబట్టేయొచ్చు, ఆటో నడిపేవాడికి మత్తు. షుగరు ఉన్నవాళ్లకి చక్కెర పాకం లేనిది చూసి ఇవ్వండి. ఎర్ర గీత, ఆర్ఎక్స్ గుర్తు ఉన్నది చీటీ లేకుండా ఇవ్వడం చట్టం ఒప్పుకోదు, ఎంత మామూలు సీసా అయినా.

రాయగడ_పిల్లలవార్డు

పిల్లల మాట నేను చెప్తాను.

రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దు, అమ్మొద్దు అని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరులో సూచన ఇచ్చింది. అయిదేళ్ల లోపు కూడా మామూలుగా వద్దనే ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కల మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబరులోనే ఆదేశం ఉంది. పాత స్టాకు డబ్బాల మీద ఆ హెచ్చరిక కనిపించకపోవచ్చు, నియమం మాత్రం అదే.

మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పిల్లలు చనిపోయిన సిరప్‌లో డైఇథైలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని పరీక్షలో తేలింది. ఉండదగ్గ హద్దు 0.1 శాతం. ఆ విషం మూత్రపిండాలని చంపేస్తుంది. రుచిలో, రంగులో మనకి తెలియదు కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే: బిల్లు లేని సరుకు ముట్టుకోకపోవడం, బ్యాచ్ నంబరు రాసి ఉంచుకోవడం. సిరప్ తాగిన పిల్లకి మూత్రం తగ్గినా, వాంతులవుతూ మగతగా ఉన్నా సీసాతో సహా ఆసుపత్రికి పంపండి.

మరేం ఇవ్వాలి? ఏడాది దాటిన పిల్లలకి తేనె, పడుకునే ముందు 2.5 నుంచి 5 మి.లీ. ఏడాది లోపు చుక్క కూడా వద్దు, బొటులిజం (తేనెలోని క్రిమి విషంతో ఒళ్లు చచ్చుబడే జబ్బు) భయం. ముక్కు బిగిస్తే ఉప్పునీటి చుక్కలు. జ్వరానికి పారాసిటమాల్, కిలోకి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి. ఇంటి చెంచాతో కాదు, పిచికారీతోనో కొలత మూతతోనో. వేడినీళ్ల గిన్నె మీద పిల్లని వంచి ఆవిరి పట్టించొద్దని తప్పకుండా చెప్పండి, ఒళ్లు కాల్చుకుని వచ్చే పిల్లలు ఎక్కువ.

బిడ్డని తెచ్చి ఉంటే చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. ఏడవకుండా ఉన్నప్పుడు, గడియారం పెట్టి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం పిల్లల్లో తప్పుతుంది, వాళ్ల ఊపిరి ఒకే తీరున నడవదు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా అనుకుని పంపాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలంగా ఉన్నా ఆగకుండా 108కి ఫోను. ఆపకుండా దగ్గి దగ్గి చివర్లో కూత పెట్టి వాంతి చేసుకుంటే కోరింత దగ్గు కావచ్చు. నెలల బిడ్డల్లో ఆ కూత రాదు, ఊపిరే ఆగుతుంది. టీకా కార్డు అడగండి: 6, 10, 14 వారాలవి పడ్డాయా?

రాజురా_దవాఖాన

మా చంద్రపూర్ వైపు లెక్క వేరే ఉంటది. రాజురా, బల్లార్షా, గుగ్గుస్ దిక్కు బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, పత్తి జిన్నింగ్ మిల్లులు. "ఏం పని చేస్తరు?" అన్నది మేము రెండో ప్రశ్నకే అడుగుతం. జిన్నింగ్ మిల్లులో పనిచేసేటోళ్లకు సెలవు తెల్లారి పనికి పోయినంక ఛాతీ బిగపట్టి దగ్గొస్తది, వారం గడిచేకొద్దీ తగ్గుతది. అది పత్తి దుమ్ము జాడ. రాయి కొట్టేటోళ్లు, క్రషర్ల మీద పనిచేసేటోళ్లు ఎప్పటికీ తగ్గని దగ్గు, మెట్లెక్కితే ఆయాసం అంటే ఎక్స్‌రే కావాలె. సిలికోసిస్ (రాతి దుమ్ముతోని ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉన్నోళ్లకు టీబీ కూడా తొందరగా అంటుకుంటది.

కట్టెల పొయ్యి ముందట ఏండ్ల కొద్దీ కూసున్న ఆడోళ్లకు బీడీ ముట్టకపోయినా సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఎప్పటికీ ఉండే ఆయాసం) వస్తది. మీ దిక్కు ముసలమ్మలు చుట్ట నిప్పు నోట్ల పెట్టుకుని అడ్డపొగ తాగుతరు గద, "పొగ తాగుతవా?" అంటే లేదంటరు. చుట్ట, బీడీ, అడ్డపొగ అని పేరు పెట్టి అడగాలె. అంగిట్ల తెల్లటి పొరనో పుండో ఉందంటే దంతవైద్యుని దగ్గరికి.

రాత్రి రెండు మూడు గంటలకు లేపే దగ్గు, దుమ్ముకు, చలిగాలికి ఎక్కువయ్యే దగ్గు ఉబ్బసం కావచ్చు, పిల్లికూతలు వినరాకపోయినా సరే. అసొంటోళ్లకు ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇచ్చే ముందు ఇదివరకు పడ్డయో లేదో అడుగుండ్రి. తిని పండుకోంగనే, వంగంగనే దగ్గొస్తే, పుల్లటి తేన్పులుంటే పొట్టల పులుపు గొంతుకు ఎగదన్నే పని.

ఇన్‌హేలర్ రాసి ఉంటే వాడే తీరు కౌంటర్ మీదనే చూపియ్యాలె. పొడి క్యాప్సూల్‌ను గోలీ లెక్క నీళ్లతో మింగేటోళ్లు తక్కువ లేరు! పరికరంలో చతురస్రపు రంధ్రంల పారదర్శకమైన కొస కిందికి పెట్టి, అడుగు తిప్పాలె. ముందు ఊపిరి బయటికి వదిలి, నోట్ల పెట్టుకుని జోరుగ లోపలికి గుంజి, పది లెక్కపెట్టేదాక ఆపాలె. తర్వాత తెరిచి చూస్తే పొడి మిగలొద్దు. మిగిలితే మళ్లా గుంజాలె. స్టెరాయిడ్ ఉన్నదైతే పుక్కిలించి ఉమ్మాలె, లేకుంటే నాలుక మీద తెల్ల పూత.

గుణుపూర్_కౌంటర్

చాలా ఉపయోగమండీ. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ ఉంచుకున్నాను, ఏ అంకె దగ్గర పంపాలి? రెండు వారాలు దాటినవాళ్లని ఒప్పించడం ఎలా? చాలామంది లీవోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పేరు చెప్పి మరీ అడుగుతున్నారు. కొందరు పార్వతీపురం, శ్రీకాకుళం వైపు పనులకి వెళ్తారు, వాళ్ల మందు మధ్యలో ఆగిపోతోంది.

కిమిడి_మాత్ర

ఆక్సీమీటర్ 94 కన్నా తక్కువ చూపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి, 90 కన్నా తక్కువైతే 108. చలికి వేళ్లు గడ్డకట్టి ఉంటే తప్పు చూపిస్తుంది, అరచేతులు రుద్దించి, గోటి రంగు ఉంటే వేలు మార్చి చూడండి. పెద్దవాళ్లకి ఊపిరి నిమిషానికి 30 దాటినా అంతే.

లీవోఫ్లోక్సాసిన్ అడిగితే వద్దనడానికి కారణం చెప్పండి. టీబీ ఉన్నవాడికి అది పదిరోజులు ఇస్తే దగ్గు తగ్గినట్టు అనిపిస్తుంది, కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, తర్వాత మందుకి లొంగని రకం తయారవుతుంది. పొట్లాల్లో కలిపి ఇచ్చే బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రతోనూ అదే గొడవ, రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల జబ్బు పాకుతుంది. లీవోఫ్లోక్సాసిన్, మాక్సిఫ్లోక్సాసిన్, సెఫిక్సిమ్, టీబీ మందులు షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ లేకుండా అమ్మకూడని, లెక్క రాయవలసిన మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వీటికి వేరే రిజిస్టరు: రాసినవారి పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చామో. మూడేళ్లు దాచాలి. 2018 నుంచి టీబీ మందు అమ్మిన షాపు ఆ రోగి వివరం ప్రభుత్వానికి తెలియజేయాలి కూడా.

ఒప్పించేదానికి "ఆసుపత్రికి పో" అంటే వినరు. ఒక కాగితం మీద, ఒడియాలో, "దగ్గు ఇన్ని రోజులు, కళ్లె పరీక్ష చెయ్యగలరు" అని రాసి తేదీ వేసి చేతికివ్వండి. కాగితం ఉంటే లోపలికి పిలుస్తారన్న ధైర్యం వస్తుంది. పరీక్ష, మందు రెండూ ఉచితం, మందు వాడినన్నాళ్లు తిండికి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. 2024 నవంబరు వరకు అది 500 ఉండేది. ఈ మాట చెప్పాక చాలామంది ఆగి వింటారు.

పనులకి వెళ్లేవాళ్ల సంగతి: టీబీ రోగిని ప్రభుత్వం నమోదు చేసినప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబరు దేశమంతటికీ ఒకటే. ఒడిశాలో మొదలెట్టిన మందు ఆంధ్రలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా కొనసాగించుకోవచ్చు. బయల్దేరే ముందు ఇక్కడి కేంద్రంలో చెప్పి బదిలీ రాయించుకోవాలి, ఆ నంబరు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి. ఉచిత సహాయ ఫోను 1800-11-6666.

కళ్లె తీసే పద్ధతి కూడా మీరే చెప్పి పంపండి, పరీక్షలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. పొద్దున్నే ఏమీ తినకుండా నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు నిండా గాలి పీల్చి, ఛాతీ లోతు నుంచి దగ్గాలి. కప్పులోకి 2 నుంచి 5 మి.లీ. రావాలి. పల్చగా, నురగగా ఉన్నది ఉమ్మి, అది పనికిరాదు, మళ్లీ తీయాలి. మూత గట్టిగా బిగించి, పేరు కప్పు ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఎండ తగలకుండా అదే రోజు అందించాలి.