లైంగిక ఆరోగ్యం పాఠం: ఏడాదికోసారి డాక్టరమ్మ వచ్చి మాట్లాడితే చాలదా?

నల్లబల్ల:
చాలా బడుల్లో ఏర్పాటు ఇలా ఉంటుంది. తొమ్మిదో తరగతిలో ఒకరోజు డాక్టరుని పిలిచి, ఆడపిల్లలకు గంటన్నర మాట్లాడిస్తారు. మగపిల్లల్ని ఆటలకు వదిలేస్తారు. మగపిల్లలకూ పెట్టమంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ దీన్ని టైమ్‌టేబుల్‌లోకి తెచ్చి మన టీచర్లకే అప్పగించడం మాత్రం వద్దంటాను. టీచరు తలదించుకుని చెబితే పిల్లలకు గుర్తుండేది ఆ సిగ్గే. పైగా రేపు మళ్లీ లెక్కలు చెప్పాల్సిన మనిషిని ఇవాళ ఇవన్నీ ఎలా అడుగుతారు? బయటి మనిషయితే అడిగేసి మర్చిపోవచ్చు.

స్కూల్‌నర్సు:
తొమ్మిదో తరగతి అంటే 14 ఏళ్లు. శరీరంలో మార్పులు ఆడపిల్లల్లో 8-13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9-14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. రొమ్ములు రావడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది. డాక్టరమ్మ వచ్చేసరికి ఆ గదిలో చాలామందికి అది ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. మొదటి రెండేళ్లలో 21 నుంచి 45 రోజులకోసారి వచ్చినా మామూలే. ఏడు రోజులు దాటి సాగినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, 90 రోజులు దాటినా రాకపోయినా, 15 నిండినా అసలు మొదలవకపోయినా డాక్టరుకి చూపించాలి. ఇది రజస్వల అయ్యాక కాదు, అంతకుముందే తెలియాలి.

ఆటలకు వదిలేసిన మగపిల్లల సంగతి. వృషణం మెలిపడితే రక్తం ఆగిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితే దాన్ని కాపాడే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తీసేయాల్సి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఎక్కువగా వచ్చేది 12-18 ఏళ్లవాళ్లకే. కుర్రాడు సిగ్గుపడి కడుపునొప్పి అంటాడు, రాత్రంతా ఓర్చుకుంటాడు. దీనికి కావాల్సింది రెండే వాక్యాల పాఠం: అక్కడ హఠాత్తుగా విపరీతమైన నొప్పి వస్తే ఎంత రాత్రయినా పెద్దవాళ్లను లేపండి, ఎక్కడ నొప్పో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎదురుగాలి:
నెలసరి, నొప్పులు సరే. అక్కడితో ఆగుతారా? గర్భనిరోధకాల దాకా వెళ్తే లేని కుతూహలం లేపినట్టే. పెళ్లిదాకా వద్దని గట్టిగా చెబితే పోలేదా?

జీవశాస్త్రం_పీరియడ్:
గట్టిగా చెప్పి చూశారండీ. అమెరికాలో అచ్చంగా 'పెళ్లిదాకా వద్దు' అని మాత్రమే బోధించిన నాలుగు కార్యక్రమాలను అక్కడి చట్టసభ (కాంగ్రెస్) ఆదేశం మీద పరీక్షించి 2007లో నివేదిక ఇచ్చారు. ఆ పాఠం విన్నవాళ్లూ విననివాళ్లూ ఒకే వయసులో లైంగిక సంబంధాలు మొదలుపెట్టారని తేలింది.

ఇక ఐదో తరగతిలో గర్భనిరోధకాలు చెబుతారన్న భయం అనవసరం. యునెస్కో 2018 మార్గదర్శకం పాఠాన్ని 5-8, 9-12, 12-15, 15-18 ఏళ్ల మెట్లుగా విడగొట్టింది. చిన్నవాళ్లకు శరీర భాగాలు, ఎవరి ఒళ్లు వారిదే అన్న సంగతి, దాచమన్న రహస్యానికీ పుట్టినరోజు కానుకకీ తేడా. కానుక సంగతి ఫలానా రోజున అందరికీ తెలిసిపోతుంది. ఎప్పటికీ ఎవరికీ చెప్పొద్దన్నది ఏదైనా వెంటనే చెప్పాల్సిందే.

పెద్ద తరగతుల్లో మాత్రం వివరంగానే చెప్పాలి. కండోమ్‌ను ఎప్పుడూ సరిగ్గా వాడిన వంద జంటల్లో ఏడాదికి రెండింటికి గర్భం వస్తుంది, మామూలుగా జనం వాడే తీరులో అది 13. తేడా చాలావరకు వాడకంలోనే ఉంది: ప్రతిసారీ వాడకపోవడం, మధ్యలో తొడగడం, కొన వదలకుండా బిగించడం, లేటెక్స్‌కి నూనె, వాసెలిన్ రాయడం, పర్సులో నెలల తరబడి నలగనివ్వడం, ఒకదానిమీద ఇంకోటి వేయడం. 'కండోమ్ వాడండి' అని స్లైడ్ వేసి వెళ్లిపోయే ఉపన్యాసంతో ఇవేవీ రావు.

చీటీల_డబ్బా:
బయటి మనిషయితే పిల్లలు అడుగుతారన్నారు నల్లబల్ల గారు. వందమంది ముందు చెయ్యెత్తేదెవరండీ? అడిగించేది మనిషి కాదు, ఏర్పాటు. పేరు లేకుండా ప్రశ్నల చీటీలు వేసే డబ్బాను గోడకు తగిలించి 'ప్రశ్నలుంటే వేయండి' అంటే ఖాళీగానే ఉంటుంది, వేసేవాడు అందరికీ కనబడతాడు కాబట్టి. అందరికీ ఒకే సైజు కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వాలి. పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాలు అందరూ రాయాలి. ప్రశ్న లేనివాళ్లు ఆరోజు పాఠంలోంచి రెండు వాక్యాలు రాసి వేయాలి, లేకపోతే కలం కదిలినవాళ్లే దొరికిపోతారు.

చీటీలు అక్కడే విప్పి చదవడం ఎక్కువమంది చేసే తప్పు. మూడో చీటీలో ఒక బూతో, క్లాసులో ఓ అమ్మాయి పేరో ఉంటుంది. అందరూ గొల్లుమంటారు, ఆ ఏడాదికి డబ్బా పని అయిపోయినట్టే. స్టాఫ్‌రూమ్‌లో చదివి వేరుచేసుకుని, తర్వాతి క్లాసులో జవాబు చెప్పాలి. బూతుమాటతో అడిగినా ప్రశ్న నిజమైనదైతే మర్యాద మాటలోకి మార్చి చెప్పాలి. 'ఇది తప్పా' అన్నవాటికి ఇళ్లను బట్టి, మతాలను బట్టి జవాబులు వేరుగా ఉంటాయని చెప్పి, ఇంట్లో అడగమనాలి. టీచరు సొంత తీర్పు అక్కడ అక్కర్లేదు.

ఇక మిగిలేది భయపెట్టే చీటీ. 'మా ఇంటికొచ్చే ఒకాయన ఎవరికీ చెప్పొద్దన్నాడు' లాంటిది. 'అన్నీ నా దగ్గరే ఉంచుకుంటా' అని మొదటిరోజే మాటిస్తే ఇక్కడ ఇరుక్కుంటారు. 'ఎవరికైనా హాని జరుగుతోందని తెలిస్తే సాయం చేయగలవాళ్లకు చెప్తాను' అని ముందే చెప్పి ఉంచాలి. పిల్ల వచ్చి చెబితే వినాలి, 'అతను ఇలా చేశాడా' అని మాటలు అందించకూడదు, ఆమె అన్న మాటల్లోనే రాసిపెట్టుకోవాలి, బడిలో ఆ బాధ్యత ఉన్నవాళ్లకు అదేరోజు అందించాలి. ఏడాదికోసారి వచ్చే డాక్టరమ్మ ఆ చీటీ చదివేసరికి బస్సెక్కి ఉంటుంది.

ఫోన్ల గొడవా ఇంతే. ఫొటో పెట్టి బెదిరిస్తున్నారంటే పిల్లలు ముందు చేసేది చాట్ చెరిపేయడం, తర్వాత డబ్బు పంపడం. రెండూ తప్పే. సాక్ష్యం పోతుంది, బెదిరింపు పెరుగుతుంది. స్క్రీన్‌షాట్లు తీసి, జవాబివ్వడం మానేసి, పెద్దవాళ్లకు చెప్పి ఆ తర్వాత బ్లాక్ చేయాలి. 18 లోపు వయసులో తీసిన ఫొటోలకు 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటి వెళ్లదు, దాన్ని గుర్తుపట్టి తీసేయడానికి దాని డిజిటల్ ముద్ర (ఒక కోడ్) మాత్రమే ఆ సేవలో చేరిన కంపెనీలకు అందుతుంది.

నల్లబల్ల:
చీటీ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ అందులో రాసింది మన స్టాఫ్‌రూమ్‌లో కూర్చునే మనిషి గురించే అయితే? డబ్బా తెరిచేది అతనో, అతని స్నేహితుడో అయితే? బయటి మనిషి కావాలనడానికి నాకున్న అసలు కారణం ఇదే. తల్లిదండ్రుల అనుమతి సంగతీ ఎవరూ ఎత్తలేదు.

చీటీల_డబ్బా:
డబ్బాకు తాళం, తెరిచేటప్పుడు ఇద్దరు. ఒకరు టీచరు, ఇంకొకరు బడి జీతగాడు కాని కౌన్సెలరో నర్సో. చీటీలకు అంకెలు వేసి లెక్క రాయాలి, ఒకటి మాయమైతే తెలియాలి. బయటి మనిషి కావాలంటే ఇక్కడ పెట్టండి, వేదిక మీద కాదు.

అనుమతికి ఇంగ్లండ్ దారి చూడొచ్చు. 2020 సెప్టెంబర్ నుంచి అక్కడ హైస్కూలు పిల్లలకు ఈ పాఠం తప్పనిసరి. సంబంధాలు, ఆరోగ్యం భాగాల నుంచి తప్పించే వీల్లేదు. లైంగిక విద్య భాగం వద్దని తల్లిదండ్రులు అడగొచ్చు, కానీ 16 నిండడానికి మూడు టర్ముల (దాదాపు ఒక విద్యా సంవత్సరం) ముందు నుంచి పిల్లలు కావాలంటే ఆ పాఠం బడి చెప్పాల్సిందే.

ఎదురుగాలి:
ఆ మూడు టర్ముల మెలికే నాకు మింగుడుపడటం లేదు. సంతకం నాది, నిర్ణయం వాడిదా?

స్కూల్‌నర్సు:
16 నిండబోయే పిల్లాడి ఒంటి గురించి, ఎదురుగాలి గారూ. ఇంకెవరిది?