పంట ఊరిని కడుతుందా, ఊరు పంటను ఎంచుకుంటుందా?

నేలపటం:
మానవ భూగోళశాస్త్రంలో ఇంకా తెగని ప్రశ్న ఇది. ఒక చోట ఇళ్లు గుంపుగా ఉంటాయి, మరో చోట పొలానికొకటిగా విసిరేసినట్టు ఉంటాయి. ఒక చోట జనం ఒత్తుగా, మరో చోట పలచగా ఉంటారు. ఈ తేడాలు అక్కడ పండే పంట వల్ల వస్తున్నాయా? లేక అక్కడి నమ్మకాలు, చట్టాలు, భూమి మీద హక్కుల వల్లా? నా అభిప్రాయం ముందే చెప్తాను. ఎంత పని ఉంటుందన్నది పంటను బట్టి ఉంటుంది. ఆ పని ఎవరి మీద పడాలి, వాళ్లు ఎక్కడ కాపురం ఉండాలి అన్నది మాత్రం మనుషులే తేలుస్తారు. కాదనేవాళ్లు ఉదాహరణలతో రండి.

వరిమడి:
నేను కాదంటాను. చైనానే తీసుకోండి. యాంగ్జీ నదికి దక్షిణాన వరి, ఉత్తరాన గోధుమ. పాత పద్ధతిలో వరికి గోధుమ కంటే దాదాపు రెట్టింపు శ్రమ పడుతుంది. పైమడి వాడు నీళ్లు వదలకపోతే కిందమడి ఎండుతుంది. నాట్ల రోజుల్లో పొరుగువాడి సాయం లేకుండా ఏ కుటుంబమూ గట్టెక్కలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త తాల్‌హెల్మ్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో వరి ప్రాంతాల విద్యార్థులు నలుగురితో కలిసి ఉండే తీరులో ఆలోచిస్తారని, గోధుమ ప్రాంతాల వాళ్లలో ‘నేను’ అన్నది ఎక్కువని తేలింది. వాళ్లలో చాలామంది ఎన్నడూ పొలంలో దిగి ఉండరు. అయినా ఆ తేడా కనిపించింది.

ఉత్తరగాలి:
చైనా ఉత్తర, దక్షిణాల మధ్య తేడా ఒక్క పంటేనా? వాతావరణం వేరు, వలసల చరిత్ర వేరు, ఉత్తరాన గడ్డిభూముల సంచారులతో వందల ఏళ్ల సంబంధాలు. అందులోంచి వరిని ఒక్కదాన్ని బయటికి లాగి కారణం అనడం ఎలా?

వరిమడి:
సరైన అభ్యంతరమే. అందుకే 2024లో వచ్చిన పరిశోధన ముఖ్యం. చైనాలోనే నింగ్‌షియా అనే ప్రాంతంలో దగ్గరదగ్గరగా ఉన్న రెండు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు. వాతావరణం ఇంచుమించు ఒకటే. ఎవరు ఎక్కడికి వెళ్లాలో ప్రభుత్వమే పంపింది, వాళ్లు ఎంచుకోలేదు. ఒక చోట వరి, మరో చోట గోధుమ. అక్కడా వరి పండించినవాళ్లలోనే కలివిడి ఆలోచన ఎక్కువగా కనిపించింది. ఇక పంట పాత్ర లేదని ఎలా అంటారు?

ఉత్తరగాలి:
లేదనను. కానీ అది ఆలోచనల సంగతి, మనం మొదలుపెట్టింది ఊళ్ల సంగతి. కెనడాలోని మానిటోబా చూడండి. 1872 భూమి చట్టం కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది, ఆ భూమిలోనే కాపురం ఉండాలని షరతు పెట్టింది. దాంతో గోధుమ రైతుల ఇళ్లు దూరదూరంగా ఒంటరిగా నిలిచాయి. 1874 నుంచి రష్యా సామ్రాజ్యం వైపు నుంచి మెనొనైట్ క్రైస్తవులు వచ్చారు. వాళ్లదీ ప్రధానంగా ధాన్యం సాగే, అదే మైదానం, అదే చలి. కానీ వాళ్లు వీధికి రెండువైపులా ఇళ్లు కట్టుకుని, పొలాలను పొడుగాటి చెక్కలుగా పంచుకుని, పశువులను ఉమ్మడి బీడులో మేపారు. కలిసి బతకడం వాళ్ల విశ్వాసంలో భాగం. పంట ఊరిని కడితే ఈ రెండు రకాల ఊళ్లు పక్కపక్కన ఎలా వచ్చాయి?

ఆ తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. కాగితం మీద భూమి ఒక్కో మనిషి పేరునే ఉంది. ఎవరైనా ఒకరు ‘నా 160 ఎకరాలు నేను తీసుకుంటా’ అంటే ఊరు ఆపలేకపోయేది. అలా చాలా ఊళ్లు విడిపోయాయి. అక్కడా పంట మారలేదు.

సాగునీరు:
మీరిద్దరూ పంటను ఒకవైపు, సంస్కృతిని మరోవైపు నిలబెడుతున్నారు. బాలి ద్వీపంలో వాటిని విడదీయడం కుదరదు. అక్కడ ఒకే నీటి వనరు కింద సాగు చేసే రైతుల సంఘాన్ని సుబక్ అంటారు. ఎవరి మడికి ఎప్పుడు నీరు, ఏ గుంపు ఎప్పుడు నాట్లు వెయ్యాలి, ఎప్పుడు భూమిని ఖాళీగా ఉంచాలి అన్నది నీటి గుడులు కేంద్రంగా సాగుతుంది. వందల ఎకరాలు ఒకేసారి ఖాళీగా ఉంటే పురుగుకు తిండి దొరకదు. 1970లలో కొత్త వంగడాలు తెచ్చి, వీలైనన్ని పంటలు ఎవరికి వారు వేసుకోండని రైతులను ఒత్తిడి చేశారు. నీటి వంతులు తారుమారయ్యాయి, సుడిదోమ విరుచుకుపడింది. పూజగా కనిపించింది సాగు పద్ధతే అని చాలామందికి అప్పుడు అర్థమైంది. మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్ దీన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. 2012లో యునెస్కో ఆ ప్రాంతాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

నేలపటం:
బాలి గురించి నాకు పేచీ లేదు. నన్ను కలచివేసేది ఐర్లండ్. 1845లో బంగాళదుంపకు తెగులు వచ్చింది. అదే తెగులు బెల్జియం, నెదర్లాండ్స్, స్కాట్లండ్‌లలోనూ పడింది, అక్కడా ఆకలి చావులు జరిగాయి. కానీ ఐర్లండ్‌లో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచారు. 1841 లెక్కల్లో సుమారు 82 లక్షలున్న జనాభా 1851కి 65 లక్షలకు పడింది. ఆ ద్వీపం నేటికీ 1841 నాటి సంఖ్యను అందుకోలేదు.

దుంప ఒక్కటే ఇంత చెయ్యలేదు. మంచి భూమి భూస్వాములది, దాని మీద పండిన ధాన్యం, పశువులు కరువులోనూ ఓడలెక్కాయి. కూలీలకు మిగిలింది చిన్న నేలచెక్క, అందులో కుటుంబానికి ఏడాదంతా తిండి పెట్టగలిగే పంట దుంప ఒక్కటే. 1847లో తెచ్చిన నిబంధన మరీ ఘోరం: పావు ఎకరం మించి భూమి చేతిలో ఉంటే ప్రభుత్వ సాయం ఇవ్వరు. తిండి కావాలంటే నేల వదలాలి. వదిలారు. గుడిసెలు పోయాయి, చాలా చోట్ల ఆ భూములు పశువుల బీళ్లయ్యాయి. తెగులు దుంపను చంపింది, ఊళ్లను ఖాళీ చేసింది ఈ చట్టం లాంటివి.

వరిమడి:
ఆ 82 లక్షల మంది అంత చిన్న చెక్కల మీద ఎలా పెరిగారో కూడా చెప్పాలి కదా. ఆ స్థలంలో గోధుమ వేస్తే అంతమంది బతకరు. ఆండీస్ కొండల నుంచి వచ్చిన ఈ దుంప గురించి ఆర్థికవేత్తలు నన్, చియాన్ 2011లో లెక్క కట్టారు: 1700 నుంచి 1900 వరకు పాత ప్రపంచంలో, అంటే ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో పెరిగిన జనాభాలో సుమారు నాలుగోవంతు దీని పుణ్యమేనని. చట్టాలు జనాన్ని తరిమాయి, ఒప్పుకుంటా. అంతమందిని అక్కడ నిలిపింది పంటే.

ఓడరేవు:
తినేవాళ్లను మర్చిపోతున్నారు. 1826లోనే జర్మన్ ఆర్థికవేత్త ఫాన్ ట్యూనెన్ చెప్పాడు, పట్టణానికి దగ్గర పాలు, కూరగాయలు, దూరంగా ధాన్యం, ఇంకా దూరంగా పశువులు అని. 1882లో డనీడిన్ అనే ఓడ న్యూజీలండ్ నుంచి గడ్డకట్టించిన మాంసాన్ని లండన్‌కు చేర్చింది. ఆ తర్వాత భూగోళం అవతలి కొసన ఉన్న గొర్రెల బీళ్లు లండన్ వంటింటి కోసం పనిచేశాయి.

పాతరికార్డు:
అసలు పరీక్ష చెరకు. కోసిన చెరకును ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే రసం పాడవుతుంది. అందుకే పెద్ద తోట, పక్కనే మిల్లు, బానిసలు తప్పవని కరీబియన్ తోటల యజమానులు వాదించేవాళ్లు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనూ 1863 నుంచి 1904 వరకు పసిఫిక్ దీవుల నుంచి సుమారు 62,000 మందిని తెచ్చారు, ఎంతోమందిని మోసంతోనో బలవంతంగానో. 1893లో ప్రభుత్వ హామీతో ఉమ్మడి మిల్లులకు చట్టం వచ్చింది, 1901 చట్టంతో ఆ దీవుల వాళ్లను వెనక్కి పంపడం మొదలైంది. అది జాతి వివక్షతో చేసిన చట్టం, దాన్ని మెచ్చుకోవడం లేదు. కానీ ఫలితం చూడండి: పెద్ద తోటల చోట చిన్న కుటుంబ కమతాలు వచ్చాయి. చెరకు అదే, రసం పాడయ్యే గడువూ అదే.

వరిమడి:
ఆ కమతాలన్నీ మిల్లుకు వెళ్లే చిన్న రైలు పట్టాలకు అందేంత దూరంలోనే ఉన్నాయి కదా. ఆ దూరాన్ని పెట్టింది చెరకే.

నేలపటం:
అవును, ఆ దూరం చెరకుది. పట్టాల పక్కన ఒక్క యజమాని ఉండాలా, వంద కుటుంబాలా అన్నది చెరకుది కాదు. నాకు ఈ రెండో ప్రశ్నే పెద్దది, ఎందుకంటే మనుషులు మార్చగలిగింది అదే. వరిమడి గారూ, నాట్లు యంత్రాలే వేస్తున్న చోట్ల ఇరుగుపొరుగు సాయం ఇంకా నిలిచిందా? దాని మీద మీకు తెలిసింది రాయండి. ఈ వాదనలో మీ వైపున్న గట్టి ఆధారం అక్కడే దొరకవచ్చు.