మా చేలో పంది ఉచ్చు: కేసు ఎవరి మీద పడుతుంది?

మాది ఉదయగిరి దగ్గర పల్లె. రెండెకరాలు కౌలుకిచ్చి నెల్లూరులో ఉంటున్నా. మొన్న వెళ్తే వేరుశనగ గట్టు మీద బైండింగ్ వైరు ఉచ్చు, ముడికి పంది వెంట్రుకలు. ‘మన చేలో పడ్డ పంది మనదే’ అంటాడు కౌలు రైతు. నాకేమో టెన్షన్.

జవాబు: చేను మీదే, పంది మాత్రం కాదన్నా. 1972 వన్యప్రాణి చట్టంలో అక్రమంగా వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి. ఉచ్చు పెట్టడమూ వేటే. అడవి పందికైతే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మరో జవాబు: పట్టా మీ పేరున ఉన్నంత మాత్రాన దోషి కారు. తెలిసీ ఊరుకుంటేనే చిక్కు. ఫోటో తీసి ఫారెస్టు వాళ్లకు చెప్పండి. కళేబరం చేతికొస్తే 48 గంటల్లో తెలపాలి. కరెంటు తీగ లాగలేదు కదా? దానికి మనుషులే పోతారు.

అడిగినవారు: బోరు స్టార్టర్ పక్కన కొత్త వైరు చుట్ట చూశానండీ. ఇప్పుడే బస్సెక్కుతున్నా.